బెదిరిన చేపకు నెమ్మది



ఈ పుటకు వచ్చే ఉత్తరాలలో ఎక్కువ భాగం పాడి గేదెల గురించి, కోళ్ళ గురించి, పిల్లల చదువుల గురించి ఉంటాయి. ఈసారి పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక పల్లె నుంచి ఒక సహోదరి చేప గురించి రాశారు. కూర చేప కాదు, గాజు తొట్టిలో పెంచే చేప. ఆమె రాసిన సంగతి క్లుప్తంగా ఇది.

"మా పెద్దబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నప్పుడు అరోవానా అనే చేపను ముద్దుగా పెంచుకున్నాడు. కువైట్‌లో పని దొరికి వెళ్ళిపోతూ, తొట్టితో సహా తెచ్చి మా దగ్గర ఉంచాడు. ఇరవై రోజులైంది. దారిలో దుమ్ము పట్టిందని తొట్టిని, రాళ్ళను, ఫిల్టరులోని స్పాంజిని శుభ్రంగా కడిగి ఎండబెట్టి, కొత్తగా బోరు నీళ్ళు పోశాము. అందరికీ కనబడుతుందని ముందు గదిలో గుమ్మం పక్కన, టీవీ దగ్గర పెట్టాము. అప్పటినుంచి అది కుదురుగా లేదు. మనిషి నీడ పడితే చాలు, తటాలున ఎగిరి మూతకు కొట్టుకుంటుంది. మూతి దగ్గర గాయమైంది. మొప్పలు వేగంగా ఆడుతున్నాయి. నాలుగు రోజులుగా మేత ముట్టడం లేదు. ఇది వాస్తు చేప, ఇంటి కీడు తన మీద వేసుకుంటోంది, వదిలేయండి అని పక్కింటివారు అంటున్నారు. అబ్బాయి ఫోను చేసినప్పుడల్లా చేప బాగుందని చెబుతున్నాను. ఏం చేయాలో తెలియజేయండి."

చేపే కదా అని కొందరు నవ్వవచ్చు. అయితే ఒక తల్లి రోజూ ఫోనులో బిడ్డకు లేని మాట చెప్పవలసి రావడం నవ్వే విషయం కాదు. నోరులేని జీవి మన ఇంట్లో, మన కళ్ళ ముందు భయంతో కొట్టుకోవడమూ చిన్న విషయం కాదు. గనుక ఈ నెల ఈ పుటను ఆ చేపకే ఇస్తున్నాము.

మొదట ఆ చేప ఎవరో తెలుసుకుందాం. మన పట్టణాల దుకాణాల్లో ఎక్కువగా అమ్మేది వెండి అరోవానా. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నది. అక్కడ ఏటా వరద వచ్చినప్పుడు నీళ్ళు అడవిలోకి పాకుతాయి. చెట్లు నడుములోతు నీళ్ళలో నిలబడతాయి. అప్పుడీ చేప చెట్ల మధ్యకు వచ్చి, నీటి పైపైనే తిరుగుతూ, కొమ్మల మీద ఉన్న పురుగులను ఎగిరి పట్టుకుంటుంది. అందుకే ఆ ప్రాంతాల్లో దీనికి నీటి కోతి అనే పేరు కూడా ఉంది. కళ్ళు పైచూపు చూసేటట్టు, నోరు పైకి తెరుచుకునేటట్టు దాని ఒళ్ళు ఉంటుంది. ఎగరడం దానికి ఎవరూ నేర్పలేదు, మానిపించనూ లేరు. ఆకలైనా ఎగురుతుంది, అదిరిపడినా ఎగురుతుంది.

ఇంకొక సంగతి వింటే ఆశ్చర్యపోతారు. ఈ జాతిలో గుడ్లను నోట్లో పెట్టుకొని కాపాడేది తండ్రి. దాదాపు 50 రోజులు గుడ్లనూ పిల్లలనూ నోట్లోనే మోస్తాడు. పిల్లలు కాస్త ఎదిగి బయట ఈదడం మొదలుపెట్టాక కూడా, అపాయం అనిపిస్తే పరుగున వచ్చి తండ్రి నోట్లో దూరతాయి. అంటే భయం వేసినప్పుడు దాక్కునే చోటు ఉండాలన్నది ఈ చేపకు పుట్టుకతో వచ్చిన తెలివి. మన గాజు తొట్టిలో ఆ చోటు లేదు. నాలుగు వైపులా గాజు, నాలుగు వైపులా మనుషులు.

ఇక పక్కింటివారి మాట. చైనా దేశస్థులు అరోవానాను డ్రాగన్ చేప అంటారు. నాణేల వంటి పొలుసులు, గడ్డం కింద రెండు మీసాలు చూసి, అది సంపద తెస్తుందని అక్కడ నమ్ముతారు. ఆ నమ్మకం వ్యాపారంతో పాటు మన ఊళ్ళకూ వచ్చి వాస్తు చేప అయ్యింది. మేము ఇక్కడ వాదానికి దిగడం లేదు. ఒక్కటే అడుగుతున్నాము. చేప కీడును మోస్తోందని అనుకున్నవారు నీళ్ళు పరీక్షిస్తారా? దీపం సంగతి, చప్పుడు సంగతి ఆలోచిస్తారా? చేయరు. చేప చనిపోయాక మంచిదే అయిందని అనుకొని ఇంకొకటి తెస్తారు. అదీ అలాగే పోతుంది. ఈ చేప మోస్తున్నది మీ ఇంటి కీడు కాదమ్మా. మారిన నీటిని, వెలుగును, చప్పుడును మోస్తోంది. కారణం ఉన్న భయం గనుక, కారణం తీసేస్తే తగ్గే భయం ఇది.

ఈ రోజే చేయవలసిన పని మూత భద్రం చేయడం. అరోవానాలు తొట్టిలోంచి దూకి నేల మీద పడి చనిపోవడం తరచుగా జరిగేదే. మూత తొట్టి అంతటినీ కప్పాలి. గొట్టాలు వెళ్ళే చోట సందు ఉంటే దాన్నీ మూయండి, గాలికి మాత్రం కొంచెం దారి ఉంచండి. మూత పైకి లేవకుండా రెండు మూలలా బరువు పెట్టండి. మూత లోపలి వైపు మేకులు, ఇనుప వల ఉండకూడదు, ఒళ్ళు గీసుకుపోతుంది. నీటి మట్టాన్ని నాలుగైదు అంగుళాలు తగ్గిస్తే ఎగిరినా దెబ్బ తగ్గుతుంది. ఒకవేళ కింద పడితే పొడి చేతులతో పట్టుకోవద్దు. చేప ఒంటి మీది జిగురే దానికి కవచం. తడి తువ్వాలు కప్పి, రెండు చేతులతో ఒళ్ళంతా ఆనించి ఎత్తి నీళ్ళలో వదలండి.

రెండవది నీళ్ళు. మేము ఉత్తరం చదవగానే ఆగిన చోటు ఇదే. స్పాంజిని కడిగి ఎండబెట్టామని రాశారు. ఇంటిని శుభ్రంగా ఉంచుకునే ఏ ఇల్లాలైనా అదే చేస్తుంది. అయితే ఆ స్పాంజిలో కంటికి కనబడని మేలు చేసే సూక్ష్మజీవులు కాపురముంటాయి. చేప మలం నుంచి, మొప్పల నుంచి అమ్మోనియా అనే విషం నీళ్ళలోకి వస్తుంది. ఆ సూక్ష్మజీవులు దాన్ని మొదట నైట్రైటుగా, తరువాత అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. స్పాంజి ఎండితే అవి చనిపోతాయి. మళ్ళీ పూర్తిగా పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆ లోపల చేప తన విషంలో తానే ఈదవలసి వస్తుంది. మొప్పలు మండుతాయి, ఊపిరి వేగమవుతుంది, ఉలికిపాటు ఎక్కువవుతుంది. పైగా మన బోరు నీళ్ళు చాలా చోట్ల ఉప్పదనంతో, క్షారగుణంతో ఉంటాయి. క్షారం ఎక్కువైన నీటిలో అమ్మోనియా మరింత తీవ్రంగా పనిచేస్తుంది.

దీనికి మందు సీసాల కోసం పరుగెత్తనవసరం లేదు. మీ జిల్లాలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులు ఉన్నాయి. ఒక శుభ్రమైన సీసాలో తొట్టి నీళ్ళు, మరొక సీసాలో బోరు నీళ్ళు పట్టుకెళ్ళి అమ్మోనియా, నైట్రైటు, క్షారం చూడమని అడగండి. తొట్టిలో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా ఉండాలి. లేని యెడల ఆ రెండూ సున్నాకు వచ్చేదాకా రోజూ నాలుగో వంతు నీళ్ళు తీసి కొత్త నీళ్ళు పోయండి. ఆ కొత్త నీళ్ళు బోరు నుంచి తిన్నగా పోయకూడదు. భూమి లోపలి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ. ఒక డ్రమ్ములో పట్టి, గాలి మోటారు గొట్టం వేసి, ఒక రోజు ఉంచి, తొట్టి నీళ్ళంత వెచ్చదనం వచ్చాక నెమ్మదిగా పోయాలి. పంచాయతీ కుళాయి నీళ్ళయితే బ్లీచింగు వాసన పూర్తిగా పోయిన తరువాతనే వాడాలి. తెలిసినవారి ఇంట్లో ఆరోగ్యమైన చేపల తొట్టి ఉంటే, వారి స్పాంజిలో ఒక ముక్క అడిగి, తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టరులో పెట్టండి. అది పెరుగుకు తోడు వేసినట్టు పనిచేస్తుంది. ఇకమీదట స్పాంజిని కుళాయి కింద కడగవద్దు. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే జాడించండి.

నీటి వెచ్చదనం 24 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. సంక్రాంతి ముందు చలి రాత్రుల్లో నీళ్ళు చల్లబడతాయి. అప్పుడు హీటరు కావాలి. మూతి గాయానికి శుభ్రమైన నీరే మొదటి మందు. అదనంగా, అయొడిను కలపని రాళ్ళ ఉప్పును లీటరుకు ఒక గ్రాము చొప్పున విడిగా కరిగించి, కొద్దికొద్దిగా పోయవచ్చు.

మూడవది వెలుగు. చేపలకు కనురెప్పలు లేవు. చీకట్లో ఉన్న మన ముఖం మీద ఎవరైనా టార్చిలైటు వేస్తే చేయి అడ్డం పెట్టుకుంటాము. చేపకు చేయీ లేదు, రెప్పా లేదు. తొట్టి దీపం ఒక్కసారిగా వెలిగితే అది గుడ్డిగా పరుగెత్తి గాజుకు కొట్టుకుంటుంది. గనుక ఉదయం ముందు కిటికీలు తెరిచి గదిలో వెలుగు రానివ్వండి. అరగంట తరువాత తొట్టి దీపం వేయండి. రాత్రి ముందు తొట్టి దీపం తీసి, కాసేపటి తరువాత గది దీపం తీయండి. రాత్రంతా గదిలో ఒక మూల చిన్న బెడ్‌లైటు ఉంటే మంచిది. మన పల్లెల్లో కరెంటు చెప్పి పోదు, చెప్పి రాదు. అర్ధరాత్రి కరెంటు వచ్చి దీపం భగ్గున వెలిగితే చేప ఎగిరి పడుతుంది. కరెంటు పోగానే తొట్టి దీపం స్విచ్చి ఆపి ఉంచే అలవాటు ఇంట్లో అందరికీ చేయండి. గాలి మోటారుకు మాత్రం బ్యాటరీ ఉండాలి. దీపం లేకపోయినా చేప బ్రతుకుతుంది, గాలి లేకపోతే బ్రతకదు.

నాలుగవది తొట్టి ఉన్న చోటు. చేప ఒంటికి రెండు పక్కలా, తల దగ్గర నుంచి తోక దాకా సన్నని గీత ఉంటుంది. నీటిలో పుట్టే అదురును అది ఆ గీతతో పసిగడుతుంది. తలుపు ధడాలుమని వేసినా, టీవీ గట్టిగా మోగినా, పిల్లలు గాజు మీద వేళ్ళతో కొట్టినా అది మనకు చప్పుడు, దానికి ఒంటి మీద దెబ్బ. గుమ్మం పక్క నుంచి తొట్టిని తీసి, నడక తక్కువ ఉన్న గదిలో, గోడ వైపు, గట్టి బల్ల మీద పెట్టండి. నీళ్ళు సగానికి పైగా తీసి, చేపను మూత ఉన్న వెడల్పాటి టబ్బులో ఉంచి మాత్రమే కదపాలి. తీసిన నీళ్ళు పారబోయకండి, మళ్ళీ అవే పోయాలి. తొట్టి మరీ కిందుగా ఉంటే మనిషి దాని మీదికి వంగినట్టు కనబడతాడు. నీటి పైపైన బ్రతికే చేపకు పైనుంచి పడే నీడ అంటే పక్షి వచ్చి తన్నుకుపోవడమే. తొట్టి మన ఛాతీ ఎత్తున ఉంటే ఆ భయం తగ్గుతుంది.

వెనుక వైపు, రెండు పక్కల గాజుకు బయట నుంచి ముదురు రంగు కాగితం అంటించండి. ముందు వైపు కూడా మొదటి వారం పలుచని గుడ్డ వేసి, తరువాత రోజుకు కొంచెం చొప్పున తొలగించండి. మన చెరువుల్లో తేలే అంతరతామర మొక్కలు నాలుగైదు పైన వేస్తే నీడ దొరుకుతుంది. దాని పుట్టింటి అడవి నీడ వంటిదే అది. అయితే పురుగుమందులు కొట్టిన పొలాల పక్క కాలువలోవి తేవద్దు. ఎక్కడివైనా బకెట్టు నీళ్ళలో రెండు మూడు రోజులు ఉంచి, నత్తలు, పురుగులు ఏరి, బాగా కడిగి వేయండి.

అయిదవది మేత, మనిషి. మేత మానిందని బలవంతం చేయవద్దు. ఆరోగ్యంగా ఉన్న ఇంత చేప కొన్ని రోజుల పస్తును తట్టుకుంటుంది. నీళ్ళు బాగుపడేదాకా తక్కువ మేత పెట్టడమే మేలు. ప్రతిరోజూ ఒకే వేళకు, ఒకే మనిషి, ఒకే వైపు నుంచి నెమ్మదిగా వెళ్ళి మేత వేయాలి. తోలు తీసిన రొయ్య ముక్క గానీ, నీటిపై తేలే గుళికల మేత గానీ వేసి, రెండడుగులు వెనక్కి వచ్చి కదలకుండా కూర్చోండి. పది నిమిషాల్లో తినకపోతే తీసేయండి, కుళ్ళనివ్వవద్దు. మందు కొట్టిన ఇంట్లో పట్టిన బొద్దింకలను ఎన్నడూ వేయవద్దు. మొదటి రోజు రాదు, మూడో రోజూ రాకపోవచ్చు. ఒక రోజు మీరు ఇంకా గదిలో ఉండగానే పైకి వచ్చి అందుకుంటుంది. ఆ రోజు నుంచి మీ అడుగు దానికి భయం కాదు, మేత వేళకు గుర్తు.

ఒంటరిగా ఉండి బెదిరే చేపకు నెమ్మదిగల తోడు ఉంటే మేలని పెంచేవారు అంటారు. పక్క చేప తాపీగా తిరుగుతుంటే ఇక్కడ అపాయం లేదని ఇదీ తెలుసుకుంటుంది. సిల్వర్ డాలర్ వంటివి, నోట్లో పట్టనంత పెద్దవి, తొట్టి పెద్దదైతేనే వేయాలి. పోట్లాడే చేపలను వేయకూడదు. మీ తొట్టిలో మాత్రం ఇప్పుడు ఎవరినీ చేర్చవద్దు. ఎందుకో చెబుతున్నాము.

చేప మూరెడు పొడవుందని, తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పని ఉత్తరం చివర రాశారు. అడుగున్నర అంటే మూరెడే. తన పొడవెంతో వెడల్పూ అంతే ఉన్న చోట అది వెనక్కి తిరగాలంటే ఒళ్ళు ముడుచుకోవాలి. ఇది ఇంకా పెరుగుతుంది. తొట్టిలోనే రెండడుగులు దాటుతుంది, తన నదిలో మూడడుగుల దాకా ఉంటుంది. పది సంవత్సరాలకు పైగా బ్రతకగలదు. దానికి కనీసం 6 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు తొట్టి కావాలి. అందులో పట్టే నీళ్ళే సుమారు 850 లీటర్లు, అంటే 850 కిలోల బరువు. పైన చెప్పినవన్నీ చేసినా, ఇరుకు తీరనంత కాలం ఈ చేప పూర్తిగా కుదుటపడదు.

అందుచేత అబ్బాయి ఈసారి ఫోను చేసినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చేప బెదిరింది, గాయపడింది, నీళ్ళు సరిచేస్తున్నాము, తొట్టి చాలదు అని చెప్పండి. దూరాన ఉన్న బిడ్డ దిగులు పడతాడని దాస్తున్నారు గానీ, ఆ చేప అలవాట్లు అందరికన్నా ఎరిగినవాడు అతడే. ఏ వేళకు తినేది, ఏ మేత ఇష్టపడేది అతడిని అడగాలి. పెద్ద తొట్టి కొనాలా, లేక పెద్ద తొట్టి ఉన్న వారికో, కొన్న దుకాణానికో అప్పగించాలా అన్నది అతడితో కలిసి తేల్చుకోవాలి. ఇవ్వడం ఓటమి కాదు. చేపకు చాలినంత చోటు చూడడం కూడా దానిని ప్రేమించడమే.

ఒకటి మాత్రం చేయవద్దు. జాలిపడి చెరువులో గానీ కాలువలో గానీ వదలవద్దు. అక్వేరియంల కోసం దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన సక్కర్ చేప ఇప్పుడు మన చెరువుల్లో దెయ్యం చేప అనే పేరుతో వలలు చించి, చేపల రైతులను ఏడిపిస్తున్నది. పరాయి చేపను మన నీటిలో వదిలితే ఆ చేపకూ మేలు కాదు, మన చేపలకూ మేలు కాదు.

ఇది చదివి అరోవానా కొనాలనుకునే వారికీ ఒక మాట. ఎరుపు, బంగారు రంగుల ఆసియా అరోవానా వేరే జాతి. ఇండోనేషియా, మలేషియా ప్రాంతాలది. అడవి నీళ్ళలో అంతరించిపోయే అపాయంలో ఉంది గనుక 1975 నుంచి అంతర్జాతీయ ఒడంబడిక దాని వ్యాపారాన్ని కట్టడి చేసింది. మన దేశంలో 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అట్టి జీవిని ఉంచుకునేవారు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. కాగితాలు లేని చేపను ఎంత చవకగా ఇచ్చినా కొనవద్దు. వెండి అరోవానా అయినా, దుకాణంలో జానెడు పిల్లను చూసి కాక, రేపటి రెండడుగుల చేపను తలచుకొని నిర్ణయించుకోండి.

చేప నెమ్మదించిందని ఎలా తెలుస్తుంది? రెక్కలు ఒంటికి బిగబట్టుకోక విప్పి ఉంచుతుంది. మూల వదిలి, నీటి పై భాగంలో తాపీగా ఇటు నుంచి అటు తిరుగుతుంది. మొప్పలు నిదానంగా ఆడతాయి. మేత వేళకు ముందుకు వస్తుంది. దీనికి రెండు మూడు వారాలు పట్టవచ్చు, ఇంకా ఎక్కువైనా పట్టవచ్చు. ఈ లోగా రోజుకొక కొత్త ఉపాయం చేయకండి. మార్పే దాని భయం గనుక, చేయవలసిన మార్పులు ఒక్కొక్కటిగా చేసి, ఆ తరువాత దానిని దాని మానాన ఉండనివ్వండి.

బెదిరిన ప్రాణిని గదమాయించి గానీ, బ్రతిమాలి గానీ నెమ్మదిపరచలేము. అది బెదిరే వస్తువును తీసివేసి, దాక్కునే చోటు చూపించి, రేపు కూడా ఇదే వేళకు ఇదే మనిషి వస్తాడని దానికి తెలిసేలా చేయగలము. ఇంట్లో కొత్త కోడలికైనా, హాస్టలు నుంచి బెదిరి వచ్చిన పిల్లవాడికైనా మనం చేయగల మేలు దాదాపు ఇంతే.